హార్డ్ డిస్క్ పోయిందన్నారు

మా ఇంట్లో ఇరవై ఏళ్లకు పైగా అందరం నమ్మిన మాట ఒకటుంది: "నానమ్మ పాటలున్న హార్డ్ డిస్క్ పోయింది." ఆ మాట తప్పని మొన్న సెమిస్టర్ సెలవుల్లో తేలింది. డిస్క్ శుభ్రంగా ఉంది. ఆ కథ చెప్పి, చివర్లో మన కాలేజీని ఒకటి అడుగుదామని ఈ వ్యాసం రాస్తున్నాను. నేను ఇంగ్లీష్ మీడియం బాపతు. వ్యాకరణంలో తప్పులుంటే క్లబ్ సీనియర్లు పెద్ద మనసు చేసుకోవాలి.

నాన్నకి తెనాలిలో 1996 నుంచి 2001 దాకా చిన్న డీటీపీ షాపు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల క్వశ్చన్ పేపర్లు చేసేవాడు. ఉన్నది ఒకటే కంప్యూటర్, అదీ సెకండ్ హ్యాండ్‌లో కొన్న 486. ర్యామ్ 8 ఎంబీ, హార్డ్ డిస్క్ 425 ఎంబీ. మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆమెకొచ్చిన పాటలు టైప్ చేసేవాడు. నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు. నానమ్మకి చదువు రాదు. ఆ పాటలు కాగితం మీద ఎక్కడా లేవు.

2001లో ఒకరోజు కంప్యూటర్ లేవలేదు. స్క్రీన్ మీద "హెచ్‌డీడీ కంట్రోలర్ ఫెయిల్యూర్" అని వచ్చింది. చూసిన మెకానిక్ "హార్డ్ డిస్క్ పోయింది సార్, కొత్తది వేసుకోండి" అన్నాడు. అప్పటికే షాపు అంతంతమాత్రంగా నడుస్తోంది. నాన్న షాపు మూసేసి ఉద్యోగంలో చేరిపోయాడు. క్యాబినెట్ అటకెక్కింది. డిస్క్ సంగతి నానమ్మకి చెప్పడానికి నాన్నకి నోరు రాలేదు. "నా పాటలు పుస్తకం ఎప్పుడేస్తావురా" అని ఆమె అడిగినప్పుడల్లా "వేస్తానమ్మా" అనేవాడు. 2014లో నానమ్మ పోయేదాకా అదే మాట. పోయిందని చెప్పి ఉంటే ఆమె మళ్లీ పాడేదే కదా అని నేను అడిగాను. నాన్న ఏమీ అనలేదు. అడిగి ఉండాల్సింది కాదనిపించింది.

మొదటి తప్పు నాదే

సెలవులకి వెళ్లినప్పుడు ఆ డ్రైవ్ విప్పి లాప్‌టాప్‌కి పెడదామనుకున్నాను. ఐడీఈ డ్రైవ్‌ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్ ఒకటి కొన్నాను. ప్లగ్ చేస్తే డ్రైవ్ తిరుగుతోంది కానీ లాప్‌టాప్‌లో ఏమీ కనపడలేదు. దగ్గర్లోని సర్వీస్ షాపులో చూపిస్తే వాళ్లూ అదే అన్నారు: "డెడ్ మేడమ్." నేనూ సరే అనుకున్నాను. సీఎస్‌ఈ సెకండియర్ చదువుతున్న అమ్మాయిని, ఒక అడాప్టర్ మాట నమ్మి తీర్పు ఇచ్చేశాను.

హాస్టల్‌కి వచ్చాక కొంచెం చదివితే అసలు విషయం తెలిసింది. ఇప్పటి అడాప్టర్లు డ్రైవ్‌ని "ఫలానా నంబర్ సెక్టార్ ఇవ్వు" అని వరస నంబర్‌తో అడుగుతాయి. దాన్ని ఎల్‌బీఏ అంటారు. 1990ల మొదట్లో వచ్చిన చాలా డ్రైవ్‌లకి ఈ పద్ధతి రాదు. వాటిని "ఇన్నో సిలిండర్, ఇన్నో హెడ్, ఇన్నో సెక్టార్" అని మూడు నంబర్లతో అడగాలి. అంటే అడాప్టర్‌కి తెలిసిన భాష డ్రైవ్‌కి రాదు. మన భాష రాలేదని ఎదుటివాణ్ని మూగవాడు అనేసినట్టయింది మా పని.

కాబట్టి దారి ఒకటే. ఆ డ్రైవ్‌తో మాట్లాడటం తెలిసిన పాత 486నే మళ్లీ లేపాలి.

పేరు చెప్పే అబద్ధం

ఇక్కడ కొంచెం చరిత్ర కావాలి, లేకపోతే ఆ ఎర్రర్ మెసేజ్ అర్థం కాదు. 1980లో సీగేట్ తెచ్చిన ఎస్‌టీ-506 అనే 5 ఎంబీ డ్రైవ్ తీసుకోండి. అలాంటి డ్రైవ్‌లలో మోటారు, హెడ్లు, కొద్దిపాటి ఎలక్ట్రానిక్స్ మాత్రమే ఉండేవి. బుర్రంతా కంప్యూటర్‌లో గుచ్చిన కార్డులో ఉండేది. హెడ్‌ని ఎక్కడికి జరపాలి, వచ్చిన సిగ్నల్‌లోంచి బిట్లు ఎలా విడదీయాలి, అన్నీ కార్డు పనే. దాన్ని కంట్రోలర్ కార్డు అనడం న్యాయం. ఆ రోజుల్లో కార్డు మార్చి వేరే రకం పెడితే డ్రైవ్‌లో ఉన్నది చదవలేకపోవడం కూడా మామూలే.

1986 ప్రాంతంలో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్ కలిసి ఆ బుర్రని తీసుకెళ్లి డ్రైవ్ మీదే పెట్టేశాయి. అదే ఐడీఈ. అప్పట్నుంచి స్లాట్‌లో ఉండే కార్డుకి మిగిలిన పని చాలా చిన్నది. కంప్యూటర్ బస్ మీద వచ్చే సిగ్నళ్లలో తనకి సంబంధించినవి ఏరి 40 పిన్నుల కేబుల్‌లోకి పంపడం, అంతే. పని పోయినా పేరు పోలేదు. అందరూ దాన్ని కంట్రోలర్ కార్డు అనే పిలిచారు, బయోస్ రాసినవాళ్లతో సహా.

కాబట్టి "కంట్రోలర్ ఫెయిల్యూర్" అని వస్తే కార్డు పోయిందని కాదు, డ్రైవ్ పోయిందని కూడా కాదు. బయోస్ అడిగింది, సరైన జవాబు రాలేదు. ఆ మెసేజ్‌కి ఉన్న అర్థం అంతే. మనం 8086 ల్యాబ్‌లో ఇన్, అవుట్ ఇన్‌స్ట్రక్షన్లు రాశాం గుర్తుందా? ఇక్కడ జరిగేది అదే. మొదటి హార్డ్ డిస్క్ కోసం 1ఎఫ్0 నుంచి 1ఎఫ్7 దాకా పోర్టులు, ఇంటరప్ట్ 14 కేటాయించారు. బయోస్ 1ఎఫ్7 చదువుతుంది. అందులో పై బిట్ 1 అయితే డ్రైవ్ ఇంకా బిజీ. ఆ అడ్రస్‌లో అసలెవరూ లేకపోతే చాలా బోర్డుల్లో ఎఫ్ఎఫ్ వస్తుంది, అంటే అన్ని బిట్లూ 1. లేని డ్రైవ్ కూడా బిజీగా ఉన్నట్టే కనిపిస్తుంది! బయోస్ కాసేపు ఎదురుచూసి, విసుగొచ్చి, ఫెయిల్యూర్ అని రాస్తుంది.

కేబుల్ తిరగబడినా అదే మెసేజ్ రావచ్చు. జంపర్ తప్పయినా, కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చోకపోయినా అదే. కారణాలు ఇన్ని, మెసేజ్ ఒకటి. మెకానిక్ వాటిలో అన్నిటికన్నా ఖరీదైన కారణం ఎంచుకున్నాడు, మేం నమ్మాం.

మూడు వీకెండ్లు

క్యాబినెట్ విప్పగానే కనిపించింది బ్యాటరీ. ఆ కాలం బోర్డుల మీద చిన్న పీపా ఆకారంలో రీచార్జబుల్ బ్యాటరీ సోల్డర్ చేసి ఉండేది. ఏళ్లు గడిస్తే అది కారి, చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది. మాది అప్పుడే పచ్చగా పూత పూసింది. దాన్ని కత్తిరించి తీసేశాను. కారేది క్షారం కాబట్టి దూదిపుల్లతో కొంచెం వెనిగర్ రాసి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు రోజులు ఆరబెట్టాను. అదృష్టం బాగుండి గీతలు తెగలేదు. పాత ఇళ్లల్లో ఇలాంటి మెషీన్ ఉంటే, మీరు దాన్ని ఆన్ చేయకపోయినా పర్లేదు, ఆ బ్యాటరీ మాత్రం తీయించేయండి.

తర్వాత పవర్ సప్లై. డ్రైవ్‌కి పెట్టకముందే మల్టీమీటర్‌తో చూశాను. ఎర్ర వైరు మీద 5 వోల్టులు, పసుపు మీద 12 రావాలి. వచ్చాయి.

ఆన్ చేస్తే మెమరీ లెక్కపెట్టి, బ్యాటరీ లేదని చెప్పి, సీ డ్రైవ్ ఎర్రర్ అంది. ఇది వేరే ఎర్రర్ అని గమనించండి. బ్యాటరీ లేక బయోస్ డిస్క్ కొలతలు మర్చిపోయింది. అప్పటి బయోస్‌లో 1 నుంచి 46 దాకా ముందే రాసిపెట్టిన డిస్క్ రకాలు ఉండేవి. అందులో మనది లేకపోతే 47 ఎంచుకుని కొలతలు మనమే కొట్టాలి. డ్రైవ్ మీద స్టిక్కర్‌లో ఉన్నాయి: 989 సిలిండర్లు, 15 హెడ్లు, 56 సెక్టార్లు. మూడూ గుణిస్తే 8,30,760 సెక్టార్లు. సెక్టార్‌కి 512 బైట్లు కాబట్టి సుమారు 42.5 కోట్ల బైట్లు. లెక్క సరిపోయింది. ఈ నంబర్లు తప్పు కొడితే డిస్క్‌లో ఉన్నదంతా చెత్తలా కనిపిస్తుంది. చదివితే ప్రమాదం లేదు, కానీ "పాడైంది, ఫార్మాట్ చేద్దాం" అనుకుని రాశామో, అప్పుడు నిజంగానే పోతుంది. అందుకే ఎఫ్‌డిస్క్, ఫార్మాట్ జోలికి వెళ్లకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను.

కొలతలు కొట్టి రీస్టార్ట్ చేశాను. అప్పుడొచ్చింది 2001 నాటి మెసేజ్: హెచ్‌డీడీ కంట్రోలర్ ఫెయిల్యూర్. నాన్న పక్కనే ఉన్నాడు. "అదే తల్లీ, అదే వచ్చింది అప్పుడూ" అన్నాడు.

ఇక ఒక్కొక్కటీ మార్చడం మొదలుపెట్టాను. ఒకసారికి ఒక్కటే, ప్రతిదీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ. కేబుల్‌కి ఒక అంచున ఎర్ర గీత ఉంటుంది, అది ఒకటో పిన్ వైపు ఉండాలి. తిరగబడితే చాలాసార్లు హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. మాది సరిగ్గానే ఉంది. జంపర్ చూశాను. కొన్ని డ్రైవ్‌లకి "ఒంటరిగా ఉన్నాను", "నాతో స్లేవ్ ఉంది" అనేవి రెండు వేర్వేరు సెట్టింగులు. ఒంటరి డ్రైవ్‌కి రెండోది పెడితే లేని స్లేవ్ కోసం ఎదురుచూస్తుంది. అదీ సరిగ్గానే ఉంది. కార్డు తీసి బంగారు పూత అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది వేరే స్లాట్‌లో పెట్టాను. మార్పు లేదు.

రెండో వీకెండ్ అయిపోయింది. అప్పుడు నాన్నని ఒక ప్రశ్న అడిగాను, మొదటి రోజే అడగాల్సింది. "నాన్నా, ఇది చివరిసారి ఎప్పుడు బాగా పనిచేసింది? ఆ తర్వాత ఏం మార్చారు?"

గిట్ వాడేవాళ్లందరికీ ఈ ప్రశ్న తెలుసు. బైసెక్ట్ అంటే ఇదే కదా. చివరిగా బాగున్న కమిట్ ఏది, మొదటగా చెడింది ఏది, మధ్యలో ఏం మారింది.

నాన్న కాసేపు ఆలోచించి చెప్పాడు. "మీ అక్క పాటలు వినాలని గొడవ చేస్తే ఎవరో అమ్మేస్తున్న సౌండ్ కార్డు తెచ్చి పెట్టించా. ఆ మర్నాడే డిస్క్ పోయింది."

ఆ కార్డు బయటికి తీసి చూస్తే దాని మీద కూడా 40 పిన్నుల కనెక్టర్ ఉంది. అప్పటి కొన్ని సౌండ్ కార్డుల మీద సీడీ డ్రైవ్ కోసం ఐడీఈ పోర్టు ఇచ్చేవాళ్లు. మామూలుగా అది వేరే అడ్రస్‌లో ఉండాలి. మాదాని జంపర్ మాత్రం మొదటి పోర్టు మీద, అంటే హార్డ్ డిస్క్ వాడే అదే 1ఎఫ్0 మీద ఉంది. పాత ఓనర్ అలా పెట్టుకుని ఉంటాడు. బయోస్ ఒక్కరిని పిలిస్తే ఇద్దరు ఒకేసారి పలికారు. రెండు జవాబులూ కలిసిపోయి ఏదీ అర్థం కాలేదు. హాస్టల్‌లో ఒకే పేరున్న ఇద్దరిని వార్డెన్ పిలిచినట్టు.

ఆ కార్డు లేకుండా ఆన్ చేశాను. టిక్ టిక్ మని డ్రైవ్ కదిలింది. "స్టార్టింగ్ ఎంఎస్-డాస్" అని వచ్చింది. నాన్న కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి టీ పట్టుకుని వచ్చాడు, కళ్లు కడుక్కుని.

ముందు ఫైళ్లన్నీ ఫ్లాపీలకి కాపీ చేశాను. పది పాత ఫ్లాపీల్లో నాలుగే పనిచేశాయి, అవే సరిపోయాయి. పాటలన్నీ కలిపి 300 కేబీ కూడా లేవు. మన వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫోటో అంత. ఆ తర్వాత సౌండ్ కార్డుని కావాలనే మళ్లీ పెట్టాను. మళ్లీ ఫెయిల్యూర్. దాని ఐడీఈ జంపర్ తీసేసి పెట్టాను. బూట్ అయింది. తప్పుని మళ్లీ రప్పించి, మళ్లీ పోగొట్టగలిగితేనే దాన్ని పట్టుకున్నట్టు. లేకపోతే ఏదో కదిలించాం, ఏదో బాగైంది, అంతే.

ఒక జంపర్. చిటికెన వేలి గోరులో సగం ఉండే ప్లాస్టిక్ ముక్క. దాని వల్ల ఇరవై ఏళ్లు.

ఇప్పుడు నా అసలు మాట

"పోయింది" అనేది డయాగ్నసిస్ కాదు, తీర్పు. డయాగ్నసిస్ అంటే ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడ ఆగింది అని చెప్పగలగడం. కరెంటు వస్తోందా, మోటారు తిరుగుతోందా, కొలతలు సరిగ్గా ఉన్నాయా, పిలిస్తే ఎవరు పలుకుతున్నారు. ఈ ప్రశ్నలు వరసగా అడిగే అలవాటు మనకి ఎవరూ నేర్పట్లేదు.

ఫస్టియర్‌లో ఐటీ వర్క్‌షాప్ చేశాం. క్యాబినెట్ విప్పి, పార్టుల పేర్లు రాసి, మళ్లీ బిగించి, రికార్డులో సంతకం పెట్టించుకున్నాం. అది బాగున్న మెషీన్. విప్పకముందూ పనిచేసింది, బిగించాకా పనిచేసింది. అందులో మనం కనుక్కున్నది ఏముంది? ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లోనూ అంతే. ఎర్రర్ రాగానే కాపీ చేసి ఏఐకి పేస్ట్ చేస్తాం, అది చెప్పిన నాలుగు మార్పులూ ఒకేసారి చేస్తాం, రన్ అయితే సబ్‌మిట్. నాలుగింట్లో ఏది పనిచేసిందో మనకి తెలీదు. నేనూ అంతే చేస్తాను, ఇది నీతిబోధ కాదు.

నా రూమ్మేట్ అడిగింది: "ఎన్‌వీఎంఈ రోజుల్లో ఐడీఈ జంపర్లు నేర్చుకుని ఏం చేస్తావే? ఇంటర్వ్యూలో అడుగుతారా?" అడగరు. ఆ మాట ఒప్పుకుంటాను. 1ఎఫ్7 పోర్టు నాకు మళ్లీ జీవితంలో అక్కరకు రాకపోవచ్చు. పైగా మూడు వీకెండ్లు ఖర్చయ్యాయి, ఆ టైంలో తను ముప్ఫై కోడింగ్ ప్రాబ్లమ్స్ చేసింది. కానీ ఎన్‌వీఎంఈలో కూడా కంట్రోలర్ ఉంది, అది కూడా జవాబు ఇవ్వడం మానేస్తుంది, అప్పుడూ అదే ప్రశ్న వస్తుంది: డేటా పోయిందా, దాన్ని చేరే దారి పోయిందా? తేడా ఏంటంటే ఇప్పటి చిప్పుల్లో ఆ దారి మన కళ్లకి కనపడదు. పాత మెషీన్‌లో కేబుల్, జంపర్, కార్డు, అన్నీ విడివిడిగా చేతికి అందుతాయి. నేర్చుకోవడానికి అదే మంచిది. ఈత కూడా లోతు తెలిసిన చోటే నేర్పుతారు.

అందుకే కాలేజీని అడిగేది చిన్నది. మన స్టోర్ రూమ్‌లో పాత సిస్టమ్‌లు గుట్టగా పడి ఉన్నాయి, ఎప్పుడో స్క్రాప్‌కి వేస్తారు. వాటిలో ఐదు ఉంచండి. ల్యాబ్ అసిస్టెంట్ ఒక్కోదాంట్లో ఒక తప్పు పెట్టాలి. ఒకదాంట్లో తిరగబడ్డ కేబుల్, ఒకదాంట్లో తప్పు జంపర్, ఒకదాంట్లో సెటప్‌లో తప్పు సెట్టింగ్. మాకు మూడు గంటలు, ఒక నోట్‌బుక్ ఇవ్వండి. మార్కులు బాగుచేసినందుకు కాదు, ఏ వరసలో వెతికామో రాసినందుకు వేయండి. బాగున్న మెషీన్ విప్పి బిగించడం కన్నా, చెడ్డ మెషీన్ ముందు కూర్చుని ఓడిపోవడమే మాకు ఎక్కువ నేర్పుతుంది.

ఇంకా అయిపోలేదు

ఫైళ్లు లాప్‌టాప్‌లోకి వచ్చాక తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు. గుండె గుభేల్‌మంది. కానీ ఈసారి "పోయింది" అనలేదు. ఎక్కడ ఆగిందో వెతికాను. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్‌లోకి వచ్చింది 2001 నాటి ఎక్స్‌పీతోనే. అంతకుముందు డీటీపీ వాళ్లు వాడిన తెలుగు ఫాంట్లలో ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు బొమ్మలుగా కూర్చోబెట్టేవాళ్లు. ఆ ఫాంట్ లేని చోట అక్షరాలు చెత్తలా కనిపిస్తాయి. మళ్లీ అదే కథ: డేటా బాగుంది, చదివేవాడికి భాష తెలీదు.

ఆ ఫాంట్ కూడా 486లోనే ఉంది. అందుకని ఇప్పుడు ఆదివారాలు ఇంటికి వెళ్తే పని ఇదీ: నాన్న పాత స్క్రీన్ మీద పేజ్‌మేకర్‌లో పాట చూసి చదువుతాడు, నేను లాప్‌టాప్‌లో యూనికోడ్‌లో కొడతాను. మొత్తం 61 పాటలు, ఇప్పటికి 22 అయ్యాయి. నాకు ఒత్తులు తప్పుతాయి, "ళ" బదులు "ల" కొడతాను. నాన్న చదువుతూ చదువుతూ ఒక్కోచోట ఆగి, రాగం గుర్తొచ్చి, పాడేస్తాడు. నాన్న పాడతాడని నాకు ఇన్నాళ్లూ తెలీదు.

మీ ఇంట్లో అటక మీద అలాంటి డబ్బా ఏదైనా ఉంటే, పాత సామాన్లవాడికి వేసేముందు ఇంట్లోవాళ్లని ఒక్కటి అడగండి: "ఇది చివరిసారి ఎప్పుడు పనిచేసింది? ఆ తర్వాత ఏం మార్చారు?" స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ నా దగ్గరున్నాయి. ఆదివారం తప్ప ఎప్పుడైనా వస్తాను.